ముక్కు పోయాక టేపక్క చేసిన పెద్ద ట్రే

మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. అందుకే అందరికీ ఆమె టేపక్క. చెప్పులు బాగుచేసే దుకాణానికీ మందుల షాపుకీ మధ్య ఇరుకు గది ఆమెది. లోపల రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడకు దారపు ఉండల చట్రం. ఇరవై మూడేళ్ళుగా అక్కడే కోట్లకు లైనింగులు వేస్తోంది, ప్యాంట్లు పొట్టి చేస్తోంది, ఒళ్ళు చేసినవాళ్ళ నడుములు వాళ్ళు సిగ్గుపడకుండా వదులు చేస్తోంది.

నలభై తొమ్మిదో ఏట ఆమెకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులుండి పోయింది. పోతూ పోతూ ఏం పట్టుకుపోయిందో వెంటనే తెలియలేదు. జ్వరం తగ్గాక నోరు చప్పగా ఉండటం మామూలే కదా అనుకుంది. ఐదో రోజు దుకాణం తెరిచి, ఒక ఉన్ని కోటు ఇస్త్రీ చేస్తూ, ఫోను వస్తే మాట్లాడుతూ నిలబడిపోయింది. మందుల షాపాయన గుమ్మం దగ్గరకు వచ్చి, "అక్కా, ఏదో కాలుతోంది" అన్నాడు.

ఆమె చుట్టూ చూసింది. "ఎక్కడ?"

"మీ చేతి కిందే."

కోటు వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ పడింది. పొగ కంటికి కనిపిస్తోంది, వాసన మాత్రం లేదు. కోటును మొహానికి ఆనించుకుని గట్టిగా పీల్చింది. ఉన్ని గరుకుదనం తప్ప ఏమీ తగల్లేదు. రెండు రోజులు కూర్చుని ఆ కోటుకు కొత్త వీపు కుట్టి ఇచ్చాక డాక్టరు దగ్గరకు వెళ్ళింది.

"వాసన తెలిసే నరాలు దెబ్బతిన్నాయమ్మా. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. "రుచిలో సగానికి పైగా ముక్కు పనే. మీకు నాలుక కూడా మందగించింది."

"ఆరు వారాల్లో వస్తుందా?"

"ఆరు వారాల్లో ఏముంది?"

"మా ఇంటికి అందరూ వస్తున్నారు."

ఆ అందరూ అంటే ఇరవై రెండు మంది. ఆమె భర్త ముగ్గురిలో పెద్దవాడు. తమ్ముడు, చెల్లెలు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ వియ్యాలవారు ఏడాదికి రెండుసార్లు ఆమె ఇంట్లో కలుస్తారు. ఎవరికి తోచింది వాళ్ళు వండి తెస్తారు. కానీ బల్ల మధ్యలో చోటు ఎప్పుడూ ఒకదానికే ఖాళీగా ఉంచుతారు. అది టేపక్క చేసే బంగాళాదుంపల చీజ్ ట్రే. పలచగా తరిగిన దుంపలు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్య మధ్యలో వెన్నా మైదా పాలతో కాచిన తెల్ల సాస్ పోసి, పైన చీజ్ తురుము కప్పి, ఎర్రటి పొర కట్టేదాకా ఓవెన్లో కాలుస్తుంది. పిల్లలు దాన్ని 'పెద్ద ట్రే' అంటారు. మూలల్లో అంటుకున్న కరకరలాడే చీజ్ కోసం పెద్దవాళ్ళు కూడా పోట్లాడుకుంటారు.

పెళ్ళయిన కొత్తలో ఆమెకు వచ్చిన వంట అదొక్కటే. పదహారేళ్ళకే బట్టల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. అక్కడి క్యాంటీన్ వంటమనిషి దుంపలు తరగడానికి సాయం పిలిచి, పనిలో పనిగా నేర్పింది. అత్తగారింటికి మొదటిసారి అందరూ వచ్చిన రోజు వణుకుతూ అదే చేసింది. మామగారు రెండోసారి వడ్డించుకున్నారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమెకు కాలు నిలిచింది. ఏనాడూ కొలతలు రాసుకోలేదు. దుకాణంలో సెంటీమీటరు తేడా రానివ్వని మనిషి, వంటింట్లో మాత్రం వాసన చూసి, వేలితో నాకి చూసి వండేది.

ఇప్పుడు ఆ రెండూ పోయాయి.

"ఈసారి బయటి నుంచి తెప్పిద్దాం" అన్నాడు భర్త. ఆయన ఎలక్ట్రీషియన్. నిమ్మళమైన మనిషి.

"ముక్కు పోయింది, చేతులు పోలేదు" అంది ఆమె. ముక్కు పోయినా దాని మీద ఉండే కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ ఆదివారమే చిన్న ట్రే ఒకటి చేసి భర్తకూ కూతురికీ పెట్టింది. "బాగుంది" అన్నాడు ఆయన. "ఎప్పటిలాగే ఉందమ్మా" అంది కూతురు. ఆమె ఇద్దరినీ చూస్తూ కూర్చుంది. కూతురు నాలుగు ముద్దలకు మూడు గ్లాసుల నీళ్ళు తాగింది. భర్త ప్రతి ముద్దకూ రొట్టె నంజుకుంటున్నాడు.

"ఉప్పు ఎక్కువైంది కదూ?"

కూతురు నాలుగో గ్లాసు నీళ్ళు వంచుకుంది.

"మీరు నన్ను బాధపెట్టకూడదనుకుంటున్నారు. నాకు తెలిసొచ్చే దారి మూసేస్తున్నారు" అని పళ్ళేలు తీసేసింది.

రెండు రోజుల తర్వాత ఇంకా పెద్ద ప్రమాదమే తప్పింది. సాయంత్రం సాస్ కోసం పాలు స్టవ్ మీద పెట్టి, స్టవ్‌కు వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని దుంపలు చెక్కు తీస్తోంది. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. పని నుంచి వచ్చిన భర్త గుమ్మంలోంచే పరుగెత్తుకొచ్చి నాబ్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచాడు. ఆయన మొహం పాలిపోయింది.

"ఇక నువ్వు స్టవ్ ముట్టుకోవద్దు. వంట నేను చేస్తాను."

ఆమె కూడా భయపడింది. చేతిలో చాకు కింద పెట్టింది. తర్వాత మెల్లగా అంది, "మిషన్ సూది వేలిలోంచి దూసుకుపోయిన రోజు నేను కుట్టడం మానేశానా? సూదికి గార్డు పెట్టించుకున్నాను. గ్యాస్ లీకైతే మోగే పెట్టె ఉంటుందట కదా. మీరు ఊళ్ళో అందరి ఇళ్ళకూ బిగిస్తారు."

మర్నాడే ఆయన ఆ పెట్టె తెచ్చి స్టవ్ దగ్గర గోడకు బిగించాడు. పొయ్యి వెలిగించి ఉన్నంతసేపూ అక్కడి నుంచి కళ్ళు తిప్పకూడదని ఆమె కూడా తనకు తాను ఒట్టు పెట్టుకుంది.

ఇక కావలసింది నాలుక. అబద్ధం చెప్పని నాలుక. చుట్టాలందరినీ మనసులో వరసగా నిలబెట్టి చూస్తే అలాంటిది ఒక్కటే తేలింది. దాంతో ఆమెకు పదకొండేళ్ళుగా సరిగ్గా మాటల్లేవు.

తోడికోడలు. మరిది భార్య. నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని. మంచివి అయితే మంచివంటుంది, కాకపోతే కాదంటుంది, ఎవరు అడ్డుపడినా రిపోర్టు మార్చదు. ఇంట్లోనూ అదే తీరు. పదకొండేళ్ళ కిందట అందరూ తింటుండగా, "పైన బాగుంది కానీ కింద దుంప ఉడకలేదక్కా" అనేసింది. టేపక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి వాళ్ళిద్దరి మధ్య ఎండా వానా కబుర్లు తప్ప వేరే మాట లేదు.

టేపక్క బస్సెక్కి నలభై నిమిషాలు ప్రయాణం చేసి ఆ ఇంటి తలుపు కొట్టింది. తోడికోడలు తలుపు తీసి, "రండక్కా" అంది. కుర్చీ చూపించింది కానీ తను కూర్చోలేదు.

టేపక్క ఉన్న సంగతంతా చెప్పింది. జ్వరం, కోటు, ఉప్పు, గ్యాస్.

"అయితే నేనేం చెయ్యాలి?"

"నాలుగు ఆదివారాలు మా ఇంటికి రా. నేను చేస్తాను. నువ్వు తిని ఉన్నదున్నట్టు చెప్పు."

"మన ఆడబిడ్డని అడగొచ్చుగా. ఆవిడకి మీరంటే ప్రాణం."

"అందుకే అడగను. నాకు ఇప్పుడు కావలసింది ముక్కుసూటి మనిషి."

తోడికోడలు పెదవి కొంచెం వంగింది. నవ్వు ఆపుకుందని టేపక్కకు అర్థమైంది.

"ఆ రోజు నేను కావాలని అనలేదక్కా."

"ఆ రోజు దుంప నిజంగానే ఉడకలేదు. వంటింట్లోకి వెళ్ళి నేనూ తిని చూశాను. నీతో ఒప్పుకోలేక ఇన్నేళ్ళు లాగాను."

తోడికోడలు అప్పుడు కూర్చుంది.

మొదటి ఆదివారం ఆమె వస్తూ ల్యాబులో వాడేలాంటి చిన్న త్రాసు సంచిలో పెట్టుకొచ్చింది. "గుప్పెళ్ళూ చిటికెలూ వద్దు. గ్రాములు" అంది. కేజీ దుంపలకు ఇంత ఉప్పు అని ఒక అంకెతో మొదలుపెట్టారు. తిని, "చప్పగా ఉంది. మైదా పచ్చివాసన కూడా వస్తోంది" అంది తోడికోడలు. రెండో వారం ఉప్పు సరిపోయింది కానీ మిరియాలు గొంతు పట్టుకున్నాయి. మూడో వారం సాస్ ఉండలు కట్టింది. ఆ వారం టేపక్క గరిటె సింకులోకి విసిరింది. తోడికోడలు దాన్ని కడిగి తిరిగి చేతికిచ్చి, "పాలు ఇంకా ఉన్నాయి" అంది.

ముక్కు చెప్పే మాటలన్నీ ఒక్కొక్కటే కంటికీ చెవికీ వేలికీ అప్పగించింది టేపక్క. మైదా పచ్చివాసన పోయిందో లేదో రంగు చూసి తెలుసుకోవడం నేర్చింది. వెన్నలో వేగి తడి ఇసుక రంగుకు రావాలి, చిటపట సన్నగిల్లాలి. దుంప ముక్క కోటు బొత్తాం మందం ఉండాలి. గుడ్డలో సూది దిగినట్టు చాకు అడుగుదాకా దిగితే ఉడికినట్టు. మూత కప్పి గంట, మూత తీసి ఇరవై ఐదు నిమిషాలు. అన్నీ దుకాణం కొలతల పుస్తకంలో, ఎవరిదో ఛాతీ కొలత కింద, రాసిపెట్టుకుంది. కేజీ దుంపలకు మూడు వందల గ్రాముల చీజ్, పన్నెండు గ్రాముల ఉప్పు.

నాలుగో ఆదివారం తోడికోడలు ఒక ముద్ద తింది. ఇంకొక ముద్ద తింది. పళ్ళెం ఖాళీ చేసింది.

"చెప్పు" అంది టేపక్క.

"ఇందులో మార్చేది ఏమీ లేదక్కా."

అందరూ వచ్చే రోజు రానే వచ్చింది. పొద్దున్నే మూడు కేజీల దుంపలు చెక్కు తీసి, చీజ్ కోసం వీధి చివరి షాపుకు వెళితే, ఎప్పుడూ కొనే రకం లేదు. ఉన్నదల్లా వేరే రకం, గట్టిది, ముదురు పసుపుది. టేపక్క ఇంటికొచ్చి తోడికోడలికి ఫోను చేసింది. ఎత్తలేదు. మరిదికి చేస్తే, ఎక్కడో పెద్ద పైపు పగిలిందట, నీళ్ళ నమూనాలు చూడటానికి ఆమెను తెల్లవారగానే పిలిపించుకున్నారు, మధ్యాహ్నం దాటితే గానీ రాదు అన్నాడు.

కూతురు పక్కనే ఉంది. "నేను రుచి చూడనా అమ్మా?"

"చూడు. కానీ నువ్వు నన్ను చూసి చెప్తావు, నాలుకని అడిగి చెప్పవు."

ఆమె పాత చీజ్ ప్యాకెట్టు అట్ట, కొత్త ప్యాకెట్టు బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కళ్ళజోడు తగిలించుకుంది. వెనక సన్న అక్షరాల్లో ఉప్పు అంకె ఉంది. పాతదానిలో వంద గ్రాములకు ఒకటీ పాయింటు ఏడు, కొత్తదానిలో రెండూ పాయింటు తొమ్మిది. తొమ్మిది వందల గ్రాముల చీజ్ వేస్తే పదకొండు గ్రాముల ఉప్పు దానంతటదే ఎక్కువ వచ్చి పడుతుంది. సాస్‌లో వెయ్యాల్సిన ముప్ఫై ఆరులోంచి పదకొండు తీసేసింది. గుడ్డ కురచగా ఉంటే కుట్టులో ఎక్కడ పట్టాలో లెక్క చూసుకున్నట్టే చూసుకుంది. త్రాసు మీద ఇరవై ఐదు గ్రాములు తూచి, ఒక్క రవ్వ కూడా అటూ ఇటూ కాకుండా సాస్‌లో వేసింది. ఓవెన్ తలుపు మూసి దాని ముందు పీట వేసుకుని కూర్చుంది.

ఒంటిగంటకు ఇరవై ఒక్క మంది బల్ల చుట్టూ చేరారు. పెద్ద ట్రే మధ్యలోకి వచ్చింది. పైన పొర బుడబుడలాడుతోంది. గరిటెలు లేచేలోగా టేపక్క నిలబడి అంది:

"ఒక్క మాట. నాకు ఆరు వారాలుగా వాసన తెలియడం లేదు, రుచి సరిగా తెలియడం లేదు. ఇది లెక్కగట్టి చేశాను. బాగుంటే బాగుందనండి, లేకపోతే లేదనండి. నా మొహం చూసి బాగుందన్నవాళ్ళ పళ్ళెం లాక్కుంటాను."

ఆడబిడ్డ కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళు చెప్పలేదేం వదినా?" అని నొచ్చుకుంది. ఎనభై ఏళ్ళ అత్తగారు మాత్రం చెంచాతో కొంచెం తీసుకుని నెమ్మదిగా నమిలింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"ఎప్పటి దానికన్నా కొంచెం ఘాటుగా ఉంది" అంది. "చీజ్ మార్చావా?"

"మార్చానత్తయ్యా. పాతది దొరకలేదు."

"ఇదే ఉంచు" అని పళ్ళెం ముందుకు జరిపింది.

తోడికోడలు మూడున్నరకు వచ్చేసరికి ట్రేలో ఒక మూల మాత్రం మిగిలింది. పిల్లల కంటపడకుండా టేపక్క దాన్ని పైన పళ్ళెం బోర్లించి దాచింది. ఇద్దరూ వంటింట్లో నిలబడే, ఒకే పళ్ళెంలో, ఆ మూలను పంచుకున్నారు. టేపక్కకు తెలిసింది వేడి, మెత్తదనం, పళ్ళ కింద కరకర. అది కూడా తిండే అని ఆ రోజు ఒప్పుకుంది.

ఎనిమిది నెలలకు కొంచెం కొంచెంగా వాసనలు రావడం మొదలైంది, అదీ అడ్డదిడ్డంగా. కాఫీ రబ్బరులా, సబ్బు పాత కాగితంలా అనిపించేవి. ఆమె పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఏడాదే డాక్టరు ఒక రోజు దుకాణానికి ఫోను చేశాడు. తన దగ్గరకు ఒకాయన వస్తున్నాడట. నలభై ఏళ్ళు బేకరీ నడిపాడు, ఆమెకు లాగే ముక్కు పోయింది, వండటమే కాదు, తినడం కూడా మానేశాడు, బట్టలు వేలాడిపోతున్నాయి అన్నాడు.

ఆ శనివారం దుకాణం తొందరగా మూసి, కొలతల పుస్తకం సంచిలో వేసుకుని టేపక్క ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. భార్య పరిచయం చేసినా ఇటు తిరగలేదు.

"బాబాయ్, మీ ప్యాంటు నడుము నాలుగు అంగుళాలు బిగించాలి. ఆ పని నాకు చేతనవును" అంది ఆమె, కుర్చీ దగ్గరకు లాక్కుంటూ. "కానీ అంతకన్నా మీరు ఒళ్ళు చేస్తేనే నాకు ఇష్టం. మీ ఇంట్లో మైదా ఎక్కడ పెడతారు?"

ఆయన గోడ వైపు నుంచే అన్నాడు, "కిటికీ కింద డబ్బాలో."