నవమి నాటి మజ్జిగ

నా చిన్నప్పుడు మా గల్లీ మొదట్లో ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా తొమ్మిది రోజులు తాటాకు పందిరి ఉండేది. గుడి పంతులుగారింటి నుంచి పానకం, వడపప్పు వచ్చేవి. మాది పాడి ఇల్లు. ఆరు బర్రెలు, గల్లీ నిండా పాల వాడకాలు. పందిట్లోకి మజ్జిగ పంపడం మా నాయనమ్మ వంతు. ఆ మజ్జిగ తాగడానికే మండుటెండలో ఎక్కడెక్కడి రిక్షావాళ్ళో మా గల్లీలో ఆగేవారు. మా నాయనమ్మకు మాటలు తక్కువ, కోపం ఎక్కువ. ఆ రెండింటిలో నాకు వచ్చింది కోపం ఒక్కటే.

పందిరి పెత్తనమంతా మా గల్లీ చివర ఉండే ఒక ఆఫీసు సారుది. మంచి గొంతు, ఆ గొంతు మీద మంచి మోజు. ఆ తొమ్మిది రోజులూ మైకు ఆయన చేతిలోంచి దిగేది కాదు. ఎవరింటి పిల్లాడు తప్పిపోయినా, ఎవరి చెప్పులు మారినా ఊరంతా వినేలా చెప్పేవాడు.

నాకు పదేళ్ళప్పుడు, ఉగాది రోజు మధ్యాహ్నం, గల్లీ వెనకున్న మా పశువుల కొట్టం నుంచి మజ్జిగ క్యాను పందిట్లో ఇచ్చి రమ్మని నాయనమ్మ నన్ను పంపింది. దారిలో నల్లా దగ్గర నా జతగాళ్ళు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. దాహమన్నారు. క్యాను మూత తీసి తలా రెండు గ్లాసులు పోశాను. దాతనైపోయానని ఎంత పొంగిపోయానో చెప్పలేను. చూసుకునేసరికి క్యాను సగానికి దిగింది. ఏమీ ఆలోచించకుండా నల్లా కింద పెట్టి నింపేశాను. బియ్యం కడిగిన నీళ్ళలా తయారైన ఆ మజ్జిగను తీసుకెళ్ళి పందిట్లో పెట్టి వచ్చాను.

సారు ఒక గుటక తాగాడు. పక్కకు పిలిచి ఒక మాట అంటే సరిపోయేది. కానీ చేతిలో మైకుంది కదా. "ఈయేడు మజ్జిగల మజ్జిగ కనవడుతలేదు. పాడి ఇంటి మజ్జిగనే గిట్లుంటే, ఇగ పాలెట్లుంటయో మీరే ఆలోచించుండ్రి" అన్నాడు. పందిరంతా నవ్వింది. ఆ నవ్వు మా పశువుల కొట్టం దాకా వినపడింది. మా నాయనమ్మ అక్కడ గడ్డి వేస్తోంది. తల కూడా ఎత్తలేదు.

పాడి ఇంటివాళ్ళను పాలలో నీళ్ళు కలిపారనడం కంటే పెద్ద తిట్టు లేదు. మర్నాడు పాలు పోయడానికి వెళితే, ఇరవై ఏళ్ళుగా మారుమాట లేకుండా గిన్నె పట్టినవాళ్ళు బొటనవేలి గోరు మీద ఒక చుక్క వేసుకుని, జారుతుందా నిలుస్తుందా అని చూశారు. మూడిళ్ళవాళ్ళు రేపటి నుంచి వద్దన్నారు. పందిట్లోకి కూడా మా మజ్జిగ వద్దని, నిమ్మకాయ షర్బత్ పెట్టించాడు సారు. నాయనమ్మ ఒక్కరితోనూ వాదించలేదు. ప్రతి గడపలోనూ గోరు మీద చుక్క చూసేదాకా నిలబడి, పాలు పోసి, తర్వాతి ఇంటికి నడిచింది.

తప్పు నాదని నాకు తెలుసు. తెలిసే నాకు అంత కోపం వచ్చింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడంతో ఆగిపోతాడు, నేనైతే సారును ఏం చేస్తే నా కడుపు చల్లబడుతుందా అని లెక్కలు వేశాను. నవమినాడు సీతారాముల కల్యాణంలో పీటల మీద కూర్చునేది ఆయనే. అప్పట్లో చాంద్రాయణగుట్ట వైపు అన్నీ పొదలే. అక్కడికెళ్ళి దురదగొండి కాయలు తెంపి, నూగు గీకి కాగితంలో పొట్లం కట్టాను. పట్టుపంచెతో పీట మీద కూర్చున్న సారు మంత్రాల మధ్యలో ఎగిరెగిరి గోక్కోవడం తలుచుకుని దారి పొడుగునా నవ్వుకున్నాను.

కానీ ఇల్లు చేరేలోపే పొట్లం కట్టిన నా చేతులు బూరెల్లా పొంగాయి. నాయనమ్మ చూసింది. పేడ రాసి, కడిగి, పొట్లం ఎక్కడుందో చెప్పించింది. నాలుగు తగులుతాయనుకున్నాను. ఆమె ఆ పొట్లాన్ని పొయ్యిలో పడేసి చాలాసేపు మంట చూసింది.

"దురద ఒక్క పూటల పోతది" అంది. "నా కోపం ఒక్క పూటది కాదు. నువ్వు లొల్లి చెయ్యకు, సూస్తా ఉండు."

ఆ మాటతో నాకు నాయనమ్మ మీద పుట్టిన గౌరవం దేవుడి మీద కూడా పుట్టలేదు.

నవమి ముందురోజు సాయంత్రం పాలు ఒక్క ఇంటికీ పోయలేదు. అన్నీ కాచి కొత్త కుండల్లో తోడు పెట్టింది. తెల్లవారాక కవ్వం పట్టింది. వెన్న పూర్తిగా తీయకుండా రేణువులు రేణువులుగా తేలనిచ్చింది. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి కలిపి, కుండల్ని తడి ఇసుకలో కూర్చోబెట్టింది. పందిరి గడప తొక్కలేదు. సరిగ్గా పందిరికి ఎదురుగా, మా ఇంటి అరుగు మీద పెట్టుకుని కూర్చుంది. ఎవర్నీ పిలవలేదు.

కల్యాణం అయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పానకం అయిపోయింది, షర్బత్ కాగిపోయింది. మొదట రిక్షావాళ్ళు వచ్చారు. తర్వాత భజన వాళ్ళు. గంట గడిచేసరికి పందిరి ఖాళీ, మా అరుగు ముందు జాతర. సారు ఒక్కడే మైకు పట్టుకుని పందిట్లో మిగిలాడు. పొద్దున్నుంచి మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయింది. అప్పుడు నాయనమ్మ ఇత్తడి గ్లాసు నిండా పోసి నా చేతికిచ్చింది. "సారుకిచ్చి రా" అంది.

నలుగురూ చూస్తుండగా వద్దనలేడు. తాగాడు. దించకుండా తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు. రెండోదీ అయ్యాక నాయనమ్మ అరుగు మీద నుంచే అడిగింది.

"ఎట్లున్నది సారూ? మొన్న మైకుల చెప్పిన్రు గద, ఇయ్యాల గూడ మైకులనే చెప్పుండ్రి."

"మజ్జిగ మంచిగున్నది" అన్నాడు సారు మైకులో. జనంలోంచి ఎవరో, "మరి పాలెట్లుంటయి సారూ?" అని కేకేశారు. ఆయన ముఖం మందారమైంది. "పాలు గూడ మంచియే" అన్నాడు. ఆ రోజు లేచిన నవ్వు ఉగాదినాటి నవ్వుకు నాలుగింతలు. ఆ నవ్వు నాకెంత తియ్యగా తగిలిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అక్కడితో అయిపోతే ఇది రాయను. ఆ సాయంత్రం దీపాల వేళ సారు మా ఇంటికొచ్చాడు. మైకు లేకపోతే ఆయన గొంతు ఇంత చిన్నదా అనిపించింది. "అమ్మా, నలుగుట్ల అట్ల అనకుండ ఉండవల్సింది. తప్పయింది" అని చేతులు జోడించాడు. నాయనమ్మ "సరే సారూ" అంది, అంతే. ఆయన వెళ్ళిపోయాక నా వైపు తిరిగింది.

"నల్లా నీళ్ళ వాసన నాకు తెల్వదనుకున్నవా? క్యాను వాపస్ వచ్చిన దినమే తెలిసింది."

"మరి ఆయన్నెందుకు గట్ల చేసినవే?" అన్నాను.

"నీళ్ళు పోసింది నువ్వు. నవ్వులపాలు చేసింది ఆయన. ఆయన సంగతి నేను చూసిన. నీ సంగతి నువ్వు చూస్కో."

నేను పరిగెత్తాను. గల్లీ మలుపులో సారును ఆపి, ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ఆయన ఒక్కటే అడిగాడు.

"మీ నాయనమ్మకు ఎరికేనా?"

తల ఊపాను. ఆయన మా ఇంటి వైపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు, తొమ్మిది రోజులుగా నా కళ్ళలో ఉన్న పగే. ఇప్పుడే వెనక్కి వెళ్ళి మైకు పెట్టిస్తాడనుకున్నాను. చివరికి, "పో బిడ్డా, ఇంటికి పో. ఇంకెవ్వరికీ చెప్పకు" అన్నాడు.

మరుసటి ఏడు నవమికి ఆయన మైకు పట్టుకోగానే నాకు చెమటలు పట్టాయి. చెప్పలేదు. ఆ మరుసటి ఏడూ చెప్పలేదు. మా మజ్జిగ తాగి, "మంచిగున్నది" అని మైకులో అని, ఒక్క క్షణం నన్ను చూసి ఊరుకునేవాడు. మా నాయనమ్మకు భయపడి ఊరుకున్నాడని చాలాకాలం అనుకున్నాను. నాకు పదహారేళ్ళప్పుడు నాయనమ్మ పోయింది. ఆ ఏడు నవమికి ఇక భయపడడానికి ఎవరూ లేరు. ఆయన మైకు తీసుకుని, "ఈ గల్లీల ఒక్క చుక్క నీళ్ళు కలపకుండ పాలు పోసిన తల్లి ఈయేడు మనతోని లేదు" అన్నాడు. ఆ తర్వాత మైకు పక్కన పెట్టేశాడు.

ఇప్పుడు నేను సంతోష్‌నగర్‌లో ఉంటున్నాను. మా కాలనీ ఉగాది సంబరాలకు మైకు పట్టేది నేనే. క్షమించే గుణం నాకు ఈ వయసులోనూ రాలేదు. నన్ను అన్నవాళ్ళకు అన్నంత తిరిగి ఇచ్చాను, ఇంకా ఇస్తాను. అది నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను. నాకు గిట్టనివాళ్ళ గుట్టు కూడా ఒకటి రెండు నా దగ్గరున్నాయి. అందరి ముందూ అనేద్దామని నాలుక చివరి దాకా వచ్చిన రోజులున్నాయి. వచ్చిన ప్రతిసారీ మింగాను. నేను పగబట్టిన మనిషి నా గుట్టును తనతోనే తీసుకుపోయాడు మరి.