ఖాళీ మగ్గం

డాక్యుసిరీస్ అనే మాటను మా వాళ్ళింట్లోకి మోసుకెళ్ళింది నేనే. బెళ్ళందూరులో నా ఆఫీసు మిత్రుడొకడికి అలాంటివి తీసేవాళ్ళతో స్నేహం. దొడ్డబళ్ళాపురంలో మా చిన్నాయన ఇంకా చేతి మగ్గం మీదే పట్టుచీరలు నేస్తాడని వాడి దగ్గర గొప్పలు పోయాను. నెల తిరక్కుండా కెమెరాలు ఆయన గుమ్మంలో దిగాయి.

"అదేందప్పా, సీరియలా?" అన్నాడు చిన్నాయన.

"సీరియల్ మాదిరే భాగాలుగా వస్తాది. కానీ కట్టుకథ ఉండదు చిన్నాయనా. ఉండేది ఉన్నట్టు చూపిస్తారు."

చివరి రోజు దాకా అలాగే తీశారు. ఆ రోజు దర్శకుడికి ముగింపు కావలసి వచ్చింది. నేస్తున్న చీరను పోగులతో సహా కోసేసి ఖాళీ మగ్గం ముందు కూర్చోమన్నాడు. మా ఇళ్ళలో మగ్గాన్ని ఖాళీ చేయరు; చేస్తే నేత మానేసినట్టే. పాత పడుగు నిలువుపోగుల కొసలు మిగిల్చి, కొత్త పోగుల్ని వాటికే ముడేస్తారు. చిన్నమ్మ వద్దంటే వద్దంది.

"ఇంటికొచ్చినోళ్ళు అడుగుతాండారు, పోనీలే" అని చిన్నాయన కోసేశాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉండనే ఉంది.

వాళ్ళు వెళ్ళాక ఇద్దరూ కూర్చుని పోగులన్నీ మొదటినుంచి ఎక్కించుకున్నారు. కొన్నాళ్ళకు ఆ సిరీస్ వచ్చింది. కొత్త చీరలు పట్టుకుని చిన్నాయన, నేను చిక్కపేట పట్టుచీరల బజారుకు వెళ్ళాం. ఎన్నో ఏళ్ళుగా ఆయన చీరలు కొనే షావుకారు ఆశ్చర్యపోయాడు.

"మగ్గం నిలిపేసినావు కదప్పా? టీవీలో చూస్తిని. పవర్లూమ్ వాళ్ళకు మాటిచ్చేసినా."

"అది ఊరికే తీసిండేది. మగ్గం నడుస్తానే ఉండాది."

"సినిమా అయితే నేనూ నమ్మను. అది డాక్యుసిరీస్ అంట కదా, ఉండేదే చూపిస్తారంట!"

పక్క దుకాణాల్లోనూ అదే పరామర్శ. చిన్నాయన ఒక్కసారి నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది.

ఆ మాటకు నేను చెప్పిన అర్థం తప్పు కాదు. ఈరోజు ఎవరడిగినా అదే చెబుతాను. కానీ ఆ మాట వినబడితే చాలు, నాకు ఏడుపొస్తుంది.

ఆ పడుగు అయిపోయాక చిన్నాయన ఈసారి కొసలు జాగ్రత్తగా మిగిల్చాడు. చీరలు కొనేవాళ్ళు లేక, ముడేయడానికి కొత్త పడుగు మాత్రం రాలేదు. ఇప్పుడు పవర్లూమ్ షెడ్డుకు పనికి పోతున్నాడు. మధ్యాహ్నాలు చిన్నమ్మ టీవీలో ఆ సిరీస్ పెట్టుకుని, మగ్గం చప్పుడు వింటూ వంట చేసుకుంటుంది. చీర కోసే సీను రాకముందే వచ్చి ఆపేస్తుంది.