ఏడుకొండలుగారి వజ్ర పరీక్ష

రాజోలు ఏడుకొండలుగారు దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. తాటిపాక దగ్గర గ్యాస్ ప్లాంటులో ముప్ఫై ఏళ్లు నమూనాలు పరీక్షించి రిటైరయ్యారు. ఆ అలవాటును ఇంటికి తెచ్చుకున్నారు. తేనె కొంటే ఒత్తికి అద్ది వెలిగిస్తారు. పసుపు కొంటే నీళ్లలో వేసి గంటసేపు చూస్తారు. ఆయన పరీక్షలు పూర్తయ్యేసరికి వండుకోవడానికి మిగిలేది తక్కువని భార్య లక్ష్మీతులసి అంటూ ఉంటుంది.

మొన్న వేసవిలో తులసి పెద్దమ్మ మరిడమ్మ, తనకు ఆడపిల్లలు లేరని, తన ఒంటిరాయి వజ్రాల దుద్దులు తులసికిచ్చింది. తులసి అద్దం ముందు నిలబడి పెట్టుకోబోతుంటే ఏడుకొండలుగారు చెయ్యి చాచారు.

"ఒకటి ఇలా ఇయ్యి. చూసి ఇచ్చేస్తాను."

"పెద్దమ్మ నలభై ఏళ్లు పెట్టుకుందండీ."

"నలభై ఏళ్లలో ఎవరైనా పరీక్ష చేసేరా?"

రాయి మీద నోటితో ఆవిరి ఊదారు. పట్టిన మసక రెప్పపాటులో పోయింది. వజ్రంలో వేడి త్వరగా పాకుతుంది కనుక అలాగే పోవాలి. తర్వాత బీరువా అద్దం మీద గీశారు. జానెడు గీత పడింది. అయినా తృప్తి కలగలేదు, అద్దాన్ని పలుగురాయి కూడా గీస్తుంది మరి. వజ్రాన్ని మించిన గట్టి రాయి లేదన్న మాట గుర్తొచ్చింది. తులసి పెరట్లోకి వెళ్లడం చూసి, రాయిని బంగారంలోంచి ఊడదీసి, సన్నికల్లు మీద పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ వేశారు.

మూడు ముక్కలైంది.

చప్పుడుకి తులసి పరుగున వచ్చింది.

"చూసేవా, నకిలీ," అన్నారాయన. "పాపం, మీ పెద్దమ్మని ఎవరో మోసం చేసేరు."

తులసి ముక్కలు పొట్లం కట్టి, రెండో దుద్దు కూడా తీసుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని అమలాపురం బస్సెక్కింది.

అక్కడ రాళ్లు పొదిగే ఉషారాణి భూతద్దం కంటికి ఆనించి ఒక్కో ముక్కనూ తిప్పి చూసింది.

"వజ్రమేనండి. మంచి రాయండి. ఎలా పగిలిందండీ?"

ఏడుకొండలుగారు గోడమీది క్యాలెండరు చదవసాగారు.

"సుత్తితో," అంది తులసి.

"అదేంటండీ బాబాయిగారూ. గట్టిదంటే గీత పడదని అండి, దెబ్బకి ఆగుతుందని కాదు. వజ్రం లోపల చీలే దారులుంటాయండి. ఇదిగో, ఎంత చదునుగా చీలిందో చూడండి. గాజయితే గవ్వలా వంపు తిరిగి పగులుద్దండి."

"అంటే అసలుదని నా పరీక్షలో తేలినట్టేగా," అన్నారాయన నెమ్మదిగా.

తులసి ఆయన వైపు చూసింది. ఆయన క్యాలెండరులో తర్వాతి నెలకు వెళ్లారు.

ఉషారాణి రెండో దుద్దు మీద ఊదింది. మసక కదల్లేదు. భూతద్దంలో చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది అమెరికన్ డైమండండి. అంచులు అరిగిపోయేయి. వజ్రానికి అలా అరగవండి."

జతలో ఉన్న ఒక్క అసలు రాయినీ ఏరి మరీ కొట్టినట్టు అర్థమై ఏడుకొండలుగారు బల్ల మీద కూలబడ్డారు. తులసి అక్కడినుంచే పెద్దమ్మకి ఫోన్ చేసింది.

"ఆయ్, ఎడం చెవిది అంతర్వేది తీర్థంలో సముద్రంలో పోయిందే," అంది మరిడమ్మ. "మీ పెదనాన్నగారు బాధపడతారని అలాంటిది పెట్టించేను. ఆయనేమో ఇరవై ఏళ్లనుంచీ ఎడం చెవిదే ఎక్కువ మెరుస్తుందంటారు. చెప్పకేం."

పెద్ద ముక్కను సానబట్టించి తులసి ముక్కుపుడక చేయించుకుంది. అది వచ్చిన రోజున పెట్టుకుని భోజనం వడ్డించింది. ఏడుకొండలుగారు తలెత్తి చూశారు.

"అసలుదేనంటారా?" అంది తులసి.

"ఆయ్," అని ఆయన అన్నం కలుపుకున్నారు.