హార్మోనీ పెట్టెకు సాంబ్రాణి పొగ

మా చిన్నప్పుడు... కడియం పక్క మా ఊళ్ళో ముసురు పట్టిందంటే ఇంట్లో బూజు పట్టనిది మా నాయనమ్మ నోరు ఒక్కటే.

నాన్న బెల్టు మీద తెల్లటి నూగు, చెప్పుల మీద పచ్చటి నూగు, చింతపండు మీద ఏ రంగో చెప్పలేని నూగు... చుట్టూ నర్సరీల్లో మొక్కలకు ఆ తడి పండగ. నర్సరీల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, మా పెరటి గోడలో మొలిచిన రావి మొక్కను కూడా ఒకాయన బతిమాలి పట్టుకుపోయాడు. సరే, అది వేరే కథ.

నాన్న బడిపంతులు. ఆదివారం చర్చిలో హార్మోనీ వాయించేవారు. చర్చి పెంకుల కప్పు కారుతుందని ఆ పెట్టెను మా ఇంట్లో ఉంచారు. బడిలో బెత్తం పట్టుకునే మనిషి, సాయంత్రం దాని ముందు కూర్చుంటే గొంతు కూడా మెత్తబడిపోయేది...

సంఘ పెద్ద దేవదానం గారు మాత్రం వచ్చినప్పుడల్లా మూత ఎత్తి చూసేవారు.

"మాస్టారూ, మీదసలే చెమ్మ గోడల ఇల్లండి. బూజు కనిపించిందంటే ఏమనుకోకండి, పెట్టె మా డాబాలోకి పట్టుకుపోతాను."

ఒక ఏడాది వరసగా తొమ్మిది రోజులు ఎండ మొహం చూడలేదు. శనివారం పొద్దున మూత తీస్తే... వేళ్ళతో నొక్కే మెట్ల మీద పిండి చల్లినట్టు బూజు! నాన్న పొడిగుడ్డతో తుడిచి, తిత్తి ఆడించారు. రెండు మెట్లు పలకలేదు. ఒకటి ఆగకుండా మూలిగింది.

నాన్న ఆ గుడ్డను మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెడుతూ కూర్చున్నారు...

ముసురులో చంటిపిల్లల గుడ్డలు ఎలా ఆరబెట్టేవారో గుర్తుందా? కుంపట్లో నిప్పులు, వాటి మీద చిటికెడు సాంబ్రాణి, పైన వెదురు గంప బోర్లించి దాని మీద గుడ్డలు. నాయనమ్మ ఆ గంప బయటికి లాగింది.

"పెట్టె ఇలా తేరా అబ్బాయ్."

"అది చెక్కమ్మా! జిగురు ఊడిపోద్ది."

"నీ గుడ్డలన్నీ ఈ గంప మీదే ఆరాయిరా. నువ్వేమన్నా ఊడిపోయావా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న పెట్టె తెచ్చారు.

సాయంత్రం దాకా నాయనమ్మ నిప్పులు తగ్గిస్తూ, పెట్టెను అటూ ఇటూ తిప్పుతూ, పసిదాని ఒళ్ళు చూసినట్టు అరచేత్తో చెక్క వేడి చూస్తూ కూర్చుంది. దీపాలు పెట్టే వేళకి అన్ని మెట్లూ పలికాయి!

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. మా చర్చిలో సాంబ్రాణి వెయ్యరు.

ఆదివారం నాన్న తిత్తి ఆడించగానే లోపల దాక్కున్న వాసనంతా గుప్పున బయటికొచ్చింది. ముందు వరుసలో పిల్లలం తుమ్ములే తుమ్ములు...

దేవదానం గారు లేచి నిలబడ్డారు. "ఏంటండి మాస్టారూ ఈ వాసన? పెట్టెకి పొగేశారా? అయితే బూజు పట్టిందన్నమాట."

నాన్న వేళ్ళు మెట్ల మీదే ఆగిపోయాయి.

ఆడవాళ్ళ వైపు నుంచి నాయనమ్మ లేచింది. "పట్టిందండి. పొగేసింది కూడా నేనే. పసిబిడ్డ తడిసిందని పక్కింటోళ్ళకి ఇచ్చేత్తామా పెద్దగారూ? ఆరబెట్టుకుంటాం."

దేవదానం గారు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని మెల్లగా కూర్చున్నారు.

"సరే... వాయించండి మాస్టారూ. బిడ్డ మీ ఇంటిదే."

నాన్న వెంటనే వాయించలేకపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాకే మొదలుపెట్టారు.

ఇప్పుడు మా చర్చికి స్లాబు వేశారు. కరెంటు కీబోర్డు వచ్చింది. బూజు లేదు, మూలుగు లేదు. ఆరాధన అయ్యాక కవరు కప్పి, తాళం వేసి వెళ్ళిపోతారు. మా ఇంట్లో ఉండనివ్వండి అని అడిగేవాళ్ళూ లేరు...

మీ ఇళ్ళల్లో ముసురు పట్టినప్పుడు అన్నిటికంటే ముందు దేన్ని కాపాడుకునేవారండి? రాయండి, చదువుకుంటాను.