ముగ్గురం ఆనుకున్న ఎర్ర కారు

ఎనభైల మొదట్లో కువైట్ రోడ్ల మీద ఒక చిన్న కారు యాడ చూసినా కనబడేది. రెండే తలుపులు, పొట్టిగా, నేలకు కరుచుకున్నట్టు ఉండేది. కుర్రోళ్ళకు దానంటే పిచ్చి. మేం ఉండే మంగఫ్ నుంచి షుఐబాలో పనికి కంపెనీ బస్సులో పోతాంటే పక్కనే సర్రుమని పోయేటివి, ఒకటి కనుమరుగయ్యే లోపల ఇంగొకటి. ఆ బస్సు కిటికీ కాడ మళ్ళీ ఒక్క పొద్దు కూర్చోవాలని ఇప్పటికీ ఆశగా ఉంటాది.

మా ఫోర్‌మన్‌కు ఒక ఎర్రది ఉండేది. శుక్రవారం పొద్దున ఆయన లేసే లోపల, మా ఊరోళ్ళం ముగ్గురం ఒకరెనక ఒకరు దానికి ఆనుకొని ఫోటోలు దిగినాం. నా పని పైపుల తుప్పు గీకేది. ఇంటికి రాసింది మాత్రం ఆఫీసులో పని అని. 'ఈయప్ప గల్ఫ్‌కు పోయి ఏం ఉద్ధరిస్తాడు' అని బామ్మర్దులు నవ్వినారు మరి. ఆ ఎగతాళి నా పెండ్లాం పడకూడదని నా తాపత్రయం. కారు నాదని రాయలా, కాదనీ రాయలా. ఫోటో మడతపడకుండా కవర్లో పెట్టి పంపించినా.

నెల దినాలకు ఆమె జాబు వచ్చింది. మిగతా రెండిండ్లకు వచ్చిన ఫోటోల్లో గూడా ఇదే కారు ఉండాదంట. దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. అయినా తగ్గకుండా రాసినా: "ఈడ అట్టాంటి కార్లు ఊరినిండా ఉండాయి. అన్నీ ఒకటే మాదిరి." అందులో అబద్ధమేముంది చెప్పండి!

మళ్ళీ జాబు వచ్చింది. "కార్లు ఒకటే మాదిరి ఉంటాయి, సరే. నెంబరు గూడా ఒకటేనా? మేం ముగ్గురం పక్కపక్కన పెట్టుకొని చూసినాం. మా అన్నోళ్ళకు మాత్రం మీ కారే అని చెప్పినా, దిగులు పడొద్దండి. ఆఫీసు పని కాదని నాకు ఫోటో చూసినప్పుడే తెలిసింది. ఎడమకాలి చెప్పు తెగితే ఇనుప తీగతో కట్టుకొనుండారు. ముందు చెప్పులు కొనుక్కోండి."

మంచం మీద కూలబడి ఏడ్చినా. సిగ్గుతో కొంత, ఆమె మీద ప్రేమతో కొంత. ఆ వచ్చిన శుక్రవారం మిర్కాబ్ బజారుకు పోయి చెప్పులు కొనుక్కొని, ఒట్టి గోడ ముందర నిలబడి ఇంగో ఫోటో దిగినా, కాళ్ళు బాగా కనబడేటట్టు.