కూతురి మాట ఫ్లెక్సీ ఎక్కింది

రామలక్ష్మమ్మ కూతురి ఉపన్యాసం వినడం అదే మొదటిసారి. జాలరిపేటలో పుట్టి, అక్కడే అప్పలసూరిని పెళ్లాడిన మనిషి. మొగుడు బోటెక్కి సముద్రం మీదికి పోతే, తను తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, వేలంలో చేపలు పాడుకొచ్చి, అపార్ట్‌మెంట్ల మలుపులో గట్టు మీద కూర్చుని అమ్ముతుంది. డిగ్రీ చదువుతున్న కూతురు దేవిశ్రీ "అమ్మా, నువ్వొత్తే నాకు దైర్నం" అనడంతో ఆ రోజు బేరం తోటికోడలికి అప్పజెప్పి, ఇస్త్రీ చీర కట్టుకుని కాలేజీ హాల్లో చివరి వరసలో కూర్చుంది.

దేవిశ్రీ మైకు ముందుకొచ్చింది. గొంతు ఖంగున మోగింది.

"ఈ కంపులో మన పిల్లలు ఎందుకు పెరగాలి? ఈ ఈగల మధ్య మన పెద్దలు ఎందుకు జబ్బు పడాలి? ఈ మురికిలో మన విశాఖ ఎందుకు మునగాలి?"

ఏ కంపు గురించో రామలక్ష్మమ్మకు ముందు అర్థం కాలేదు. "రోడ్ల పక్కన చేపలమ్మేవాళ్లని ఊరి బయటికి పంపాల్సిందే!" అన్న మాట చెవిన పడ్డాక తెలిసింది, అది తన గంప కంపేనని. చుట్టూ చప్పట్లే చప్పట్లు. పక్కావిడ ఎక్కడ ముక్కు మూసుకుంటుందోనని చేతులు కొంగులో దాచేసుకుంది.

దేవిశ్రీకి మొదటి బహుమతి వచ్చింది.  ఇంటికొచ్చాక తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏటే, నాను కంపా?"

"అయ్యో అమ్మా! పోటీలో ఎవులు ఏ పక్కం మాటాడాలో సీటీలు తీసినారు. నాకు ఆ పక్కమొచ్చింది. అదంతా మా చంద్రిక మేడం నేర్పిన పనితనం. ఒకే మాట తిరగేసి తిరగేసి సెప్తే పునరుక్తి. జవాబు సెప్పకుండా ప్రశ్నలేత్తే విన్నోళ్లే తలూపుతారు. ఉన్నదాన్ని కొండంత సేత్తే అతిశయోక్తి. మార్కులన్నీ ఈటికే."

"నీకు మార్కులొచ్చినాయి. నాకు గుండిలో గుచ్చుకుంది. ఉత్తుత్తి మాటయితే ఎందుకు గుచ్చుకోవాల?"



ఆ వారంలోనే ఒక పొద్దున రామలక్ష్మమ్మ గంప దింపుతూ తలెత్తి చూసి, అలాగే ఉండిపోయింది. గట్టు వెనక గోడ మీద నిలువెత్తు ఫ్లెక్సీ. మైకు పట్టుకుని తన కూతురు! పక్కనే ఎర్రటి అక్షరాలు. కూడబలుక్కుని చదివింది: ఈ కంపులో మన పిల్లలు ఎందుకు పెరగాలి? కింద అపార్ట్‌మెంట్ల అసోసియేషన్ పేరు.

రెండో అంతస్తులో ఉండే మధులత ఎప్పటిలాగే సంచీతో వచ్చింది. "మీ అమ్మాయేనట కదా! వీడియో మా గ్రూపులన్నీ తిరిగింది. ఎంత బాగా మాట్లాడిందండీ! మీ అందరినీ ఇక్కణ్ణుంచి మార్చమని కార్పొరేషన్‌కి అర్జీ కూడా పెడుతున్నాం, ఏమీ అనుకోకండి. చందువ చేపలు ఎలా ఇస్తున్నారు?"

రామలక్ష్మమ్మకు ధర నోట రాలేదు. 

కబురందుకుని పరుగున వచ్చిన దేవిశ్రీ ఫ్లెక్సీ ముందు కొయ్యబారింది. తన ముఖాన్ని తనే చూడలేకపోయింది. ఆదివారం అసోసియేషన్ మీటింగని తెలిసి తల్లిని వెంటబెట్టుకుని వెళ్లింది. అధ్యక్షుడు ఉమాశంకర్ ఎదురొచ్చి మరీ మైకు చేతికిచ్చాడు.

"నమస్కారమండి. నేను చేపలమ్మే రామలక్ష్మమ్మ గారి కూతుర్ని" అంది దేవిశ్రీ. "నా ఉపన్యాసంలో వేల ఈగలన్నాను. అది అతిశయోక్తి. ఇంటింటా జబ్బులన్నాను. ఏ ఇంటికీ వెళ్లి అడగలేదు. నగరం ముత్యం, చేపల బేరం దాని మీద మరక అన్నాను. ఆ పోలికకి జడ్జిగారు మురిసిపోయారు. వరసగా ప్రశ్నలేసింది మీరు ఆలోచించకుండా ఉండాలనే. ఆ మాటల్లో ఒక్కటీ నా మనసులోది కాదు. అమ్మ చేపలమ్మి పెట్టిన అన్నం తినే పెరిగాను. దయచేసి ఆ ఫ్లెక్సీ తీసెయ్యండి."

 చప్పట్లు మోగాయి. మధులత కళ్లు తుడుచుకుంది.

రామలక్ష్మమ్మ బిత్తరపోయి చూసింది. ఆ రోజు హాల్లో మోగినవీ అచ్చం ఇలాంటి చప్పట్లే.

"అద్భుతంగా మాట్లాడావమ్మా" అన్నాడు ఉమాశంకర్. "ఫ్లెక్సీ రేపే తీయిస్తాం. కానీ అర్జీ వెళ్లిపోయింది కదా."

ఫ్లెక్సీ దిగింది. అర్జీ మాత్రం పనిచేసింది. చేపలమ్మేవాళ్లని పక్క సందులోకి, కాలవ ఒడ్డుకి జరిపారు. మధ్యాహ్నం దాకానే అమ్మాలన్నారు. బేరం సగానికి సగం పడిపోయింది. మధులత మాత్రం సందులోకి వచ్చి మరీ కొంటోంది.

బోటు దిగి ఇంటికొచ్చిన అప్పలసూరికి రామలక్ష్మమ్మ అన్నం పెడుతూ జరిగిందంతా చెప్పింది.

"ఆ పక్కం సెప్పినా ఈ పక్కం సెప్పినా జనం దాని మాటకి సప్పట్లు కొట్టేత్తన్నారు. మన గుంట అంతటిదయిపోనాది."

"మంచిదే గదా! దానికేటి, అలాగున్నావు?"

"ఏటో... దాని మాటల్లో ఏది మనసులోదో తెలీక నాకు బయమేత్తంది" అంది రామలక్ష్మమ్మ.

అప్పలసూరి కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకుని, లోపల పుస్తకం ముందేసుకుని కూర్చున్న కూతురి వైపు చూశాడు.