తెర వెనక దేవత

తార్నాకలో మా బాల్కనీలో ఆరేసిన తెల్లదుప్పటి మీద సాయంత్రపు ఎండ పడితే చాలు, నా ఎడమచెయ్యి దానంతటదే దీవిస్తున్నట్టు పైకి లేస్తుంది.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో, నా చిన్నప్పుడు, నాన్న యూనివర్సిటీలో గుమాస్తా; అక్కడి క్వార్టర్లలోనే ఉండేవాళ్లం. నాది ఎడమచేతివాటం. ఆ చేత్తో ముద్ద కలపకుండా అన్నం వేళ నాయనమ్మ దానికి పాత చీరపేలిక కట్టేది.

ఒకనాడు హాస్టల్ మైదానంలో తెల్లగుడ్డ తెర కట్టి భక్తి సినిమా వేశారు. ముందువైపంతా విద్యార్థులు నిండిపోతే, మా క్వార్టర్లవాళ్లం తెర వెనక చాపలు పరుచుకున్నాం. బొమ్మ అటూ కనిపించేది, ఇటూ కనిపించేది. పొగలోంచి దేవత ప్రత్యక్షమై భక్తురాలిని చెయ్యెత్తి దీవించింది. చూస్తే ఎడమచెయ్యి.

"నాయినమ్మా, అమ్మవారిది గూడ నా చెయ్యే," అన్నాను.

నాయనమ్మ దండం పెడుతూనే నా చేతివంక చూసింది.

"అవ్వా, మనం ఎనకకెల్లి చూస్తున్నం. గామె కుడిచెయ్యే మనకు ఎడమ లెక్క కనబడుతున్నది," అన్నాడు నాన్న.

"ఊకోరా. దేవతకు ముందేంది, ఎనకేంది?"

మర్నాడు పేలిక మసిగుడ్డ అయింది. లాలాపేట నుంచి వచ్చిన చుట్టాలందరినీ నాయనమ్మ నా ఎడమచేత్తో దీవింపజేసింది. నమ్మకపోతే మీ ఇష్టం.

పెద్దయ్యాక అదే సినిమాను థియేటర్లో, ముందు కూర్చుని చూశాను. దేవత కుడిచేత్తో దీవించింది. పాపం, ఈలోగా ఆమెకూ ఏ నాయనమ్మో పేలిక కట్టి ఉంటుంది.